ట్యాబా, బొమ్మల పుస్తకమా? ఆరేళ్లలోపు పిల్లలున్న ఇంటికి ఏది నప్పుతుంది

పిల్లవాడి మూడో పుట్టినరోజు దగ్గర పడుతోందంటే చాలా ఇళ్లలో ఇదే చర్చ. డాలస్‌లో ఉన్న మేనమామ ట్యాబ్ పంపిస్తానంటాడు. నానమ్మ "ఇప్పుడే వాడికి అవన్నీ ఎందుకురా, కళ్లు పోతాయి" అంటుంది. అమ్మానాన్నలకు రెండు వైపులా భయమే. కొనకపోతే క్లాసులో మిగతా పిల్లల కంటే వెనకబడతాడేమో, కొంటే మళ్లీ వాడి చేతిలోంచి తీసుకోవడం మన తరం కాదేమో.

ఈ చర్చలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ వస్తువు పిల్లవాడి చేతిలో ఉన్నంతసేపూ పక్కన కూర్చున్న పెద్దవాళ్ల నోరు ఎంత ఆడుతుంది? ఈ వ్యాసంలో పోలిక అంతా ఆ కొలతతోనే. ఆరేళ్లలోపు పిల్లలకు ఎన్ని అక్షరాలు వచ్చాయన్నది చిన్న విషయం. ఎన్ని మాటలు విన్నారు, వాటిలో ఎన్ని తిరిగి అన్నారు, కథకు మొదలూ చివరా ఉంటాయని పట్టుకున్నారా, పుస్తకం తెరిస్తే ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారన్న ధీమా ఉందా, ఇవీ తర్వాత బడిలో చదువును తేలిక చేసేవి. ఇవేవీ మనిషి నోటితో పని లేకుండా వచ్చేవి కావు. కాబట్టి కాగితమైనా తెర అయినా, పెద్దవాళ్లను మాట్లాడించేదైతే తీసుకోవచ్చు. వాళ్లను లేచి వెళ్లిపోనిచ్చేదైతే ఎంత ఖరీదు పెట్టినా దండగే.

ముందు డాక్టర్లు చెప్పే హద్దులు చూసేద్దాం, పెద్దగా తేడాలు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది నిండని పిల్లలకు తెర వద్దు, ఏడాది వయసులోనూ మంచిది కాదు, రెండు నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంట దాటకూడదు, ఎంత తగ్గిస్తే అంత మేలు. భారత పిల్లల వైద్యుల సంఘం 2021 మార్గదర్శకాలు కూడా రెండేళ్లలోపు తెర వద్దంటాయి, అప్పుడప్పుడూ బంధువులతో వీడియో కాల్ తప్ప. రెండు నుంచి ఐదేళ్ల మధ్య గంటలోపే. ఈ గంటలో అన్నం తినేటప్పుడు పెట్టే రైమ్స్, తాతయ్య పక్కన కూర్చుని చూసే సీరియల్, కారులో ఇచ్చే ఫోన్ అన్నీ కలుస్తాయి. అలా లెక్క వేస్తే చాలా ఇళ్లలో ఆ గంట మధ్యాహ్నానికే అయిపోతుంది. కొత్తగా ట్యాబ్ కొంటే దానికి మిగిలే సమయం ఎక్కడుందో ముందు చూసుకోవాలి.

కాగితానికీ తెరకూ తేడా ఎక్కడ వస్తుంది

మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. 37 మంది తల్లిదండ్రులకు, వాళ్ల చిన్నపిల్లలకు మూడు రకాల పుస్తకాలు ఇచ్చారు: మామూలు అచ్చు పుస్తకం, ట్యాబ్‌లో ఏ హంగులూ లేని పుస్తకం, ట్యాబ్‌లో శబ్దాలూ కదలికలూ ఉన్న పుస్తకం. అచ్చు పుస్తకం పట్టుకున్నప్పుడు కథ గురించి మాటలు ఎక్కువ నడిచాయి. ట్యాబ్ వచ్చేసరికి మాటలు ఆ వస్తువు మీదికి మళ్లాయి. మన ఇళ్లలో పరీక్షించి చూడండి, అచ్చం ఇదే జరుగుతుంది. బాతు బొమ్మ మీద వేలు పెడితే "క్వాక్" అంటుంది. పిల్లవాడు ఇంకోసారి నొక్కుతాడు, ఇంకోసారి. నాన్న "ఒరేయ్, ఆగరా, చదవనీ" అంటాడు. మళ్లీ క్వాక్. "నొక్కకు. ఇటివ్వు. పేజీ నేను తిప్పుతా." రెండు నిమిషాల్లో తండ్రి నోటి నుంచి వచ్చిన మాటల్లో కథకు సంబంధించింది ఒక్కటీ లేదు. బాతు చెరువులో ఎందుకు దూకిందో ఇద్దరికీ తెలియదు.

అలాగని తెర మీద కథ పనికిరాదని తేల్చేయడమూ తొందరపాటే. 2021లో ఫురెనెస్, కుచిర్కోవా, బస్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన 39 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. ఏడాది నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలు 1,800 మందికి పైగా ఆ లెక్కలో ఉన్నారు. ఒకే కథ కాగితం మీదా తెర మీదా ఉండి, తెర మీద చదివి వినిపించే గొంతు తప్ప వేరే హంగులు లేనప్పుడు కాగితమే మెరుగు. తెర మీది కదలికలు కథలోని సంగతిని అర్థం చేయించేలా ఉన్నప్పుడు మాత్రం డిజిటల్ పుస్తకం ముందుకొచ్చింది. ఈ కదలికల్లో రెండు రకాలున్నాయి. కథలో వాన మొదలైందంటే తెర మీద మబ్బు పట్టి చినుకులు పడటం మొదటి రకం, అది సాయం చేస్తుంది. కథ ఆపి, వచ్చి బుడగలు పేల్చమనడం రెండో రకం, అది చెడగొడుతుంది. యాప్ ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా ప్రకటనలన్నీ వదిలేయొచ్చు.

అచ్చు పుస్తకం

ఏడాదిన్నర లోపు పిల్లలకు దీంతో పోటీకి వచ్చేదేమీ లేదు. నోట్లో పెట్టుకున్నా, నేలకేసి కొట్టినా తట్టుకునే మందపాటి అట్ట పుస్తకాలు ఇవ్వాలి. చిక్కేమిటంటే దుకాణాల్లో దొరికే అట్ట పుస్తకాల్లో ఎక్కువ ఇంగ్లిష్‌వే, అందులోనూ ఏ ఫర్ యాపిల్ రకమే. పేజీకి ఒక పండు, ఒక జంతువు. వాటినీ పనికి తెచ్చుకోవచ్చు. యాపిల్ బొమ్మ చూపించి "ఇది మొన్న తాతయ్య తెచ్చాడు కదా, నువ్వు కొరికి పుల్లగా ఉందని ఉమ్మేశావు" అంటే అదే కథ. పేజీ మీద ఏ భాష ఉందన్నది ఆ వయసుకు పట్టదు.

మూడేళ్లు దాటాక తెలుగులో మంచి బొమ్మల పుస్తకాలు వెతుక్కోవాలి, దొరుకుతాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు, చెన్నైలోని తూలిక వారి తెలుగు, ఇంగ్లిష్ రెండూ పక్కపక్కన ఉండే పుస్తకాలు, ప్రథమ్ బుక్స్ వారివి, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వారివి ఈ వయసుకు సరిపోతాయి. వీటిలో చాలా వాటి వెల వంద రూపాయల లోపే ఉంటుంది. ఒక మోస్తరు ట్యాబ్ ఖర్చుతో అలమారా అర నిండుతుంది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో, చలికాలంలో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకో పిల్లల్ని తీసుకెళ్లి, ఏ పుస్తకం కావాలో వాళ్లనే తీసుకోనివ్వండి. రంగు బాగుందని పనికిమాలిన పుస్తకం ఒకటి తెచ్చుకుంటారు. తెచ్చుకోనివ్వండి.

కొన్నాక ఎలా చదవాలన్నదే అసలు సంగతి. చదివి వినిపించడం అంటే మనవాళ్లలో చాలామంది మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గడగడా చదివి మూసేయడం అనుకుంటారు. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం తల్లిదండ్రులకు వేరే పద్ధతి నేర్పించి చూసింది. పిల్లల్ని అడగడం, వాళ్లు అన్న ముక్కను పొడిగించడం, మళ్లీ అనిపించడం. నెల రోజుల్లోనే ఆ పిల్లల మాటతీరులో తేడా కనిపించింది. మన వంటింటి తెలుగులో అది ఇలా ఉంటుంది:

"ఏం చేస్తోంది పిల్లి?"
"పాలు."
"ఆఁ, పాలు తాగుతోంది. దొంగచాటుగా తాగుతోంది కదూ? అవ్వ చూస్తే ఏమంటుంది?"
"కొత్తది!"
"కొడుతుంది! ఏదీ, 'అవ్వ కొడుతుంది' అను."

నాలుగు మాటలు. పుస్తకంలో ఈ పేజీ కింద ఉన్న వాక్యం ఇంకా చదవనేలేదు, చదవకపోయినా నష్టం లేదు. "ఇది ఏ రంగు, ఇవి ఎన్ని" అని పరీక్ష పెట్టే ప్రశ్నలు మాత్రం తగ్గించండి. వాటికి ఒక్క మాట జవాబు వస్తుంది, సంభాషణ అక్కడితో ఆగుతుంది. "ఎందుకు", "తర్వాత ఏమవుతుంది", "నువ్వైతే ఏం చేస్తావు" అనేవి నడిపిస్తాయి.

తెలుగు పుస్తకాలతో వచ్చే ఇంకో ఇబ్బంది భాష. కొన్ని పిల్లల పుస్తకాల్లో ఇప్పటికీ "కుందేలు పరుగెత్తసాగింది", "సింహము మిక్కిలి కోపించెను" లాంటి వాక్యాలే. మూడేళ్ల పిల్లకి అవి పరాయి భాషతో సమానం. పుస్తకంలో ఎలా ఉన్నా మీ ఇంటి మాటలోకి మార్చి చదివేయండి. శ్రీకాకుళంలో ఒకలా, వరంగల్‌లో ఒకలా వినిపిస్తే తప్పేం లేదు. పిల్ల సొంతంగా అక్షరాలు కూడబలుక్కునే రోజులు వచ్చాక, అచ్చులో ఉన్నదున్నట్టు, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాలి. అప్పటికి కథ ఎలాగూ కంఠతా వచ్చేసి ఉంటుంది కాబట్టి కొత్త మాటలు బెదరగొట్టవు.

తెర మీద పుస్తకం, హంగులు లేనిది

ఇక్కడ చెప్పుకోవాల్సింది స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ఈ వేదికలో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు కూడా. కథల్ని నాలుగు స్థాయిలుగా విడగొట్టారు. మొదటి స్థాయిలో చిన్న వాక్యాలు, తేలిక మాటలు, మొత్తం 250 పదాల లోపు. ఐదేళ్ల లోపు పిల్లలకు ఇవి చాలు. రెండో స్థాయి ఒకటో తరగతి చివర్లోనో రెండులోనో పనికొస్తుంది.

తెలుగు పుస్తకాల దుకాణం దగ్గర్లో లేని ఊళ్లకూ, బెంగళూరు, పుణె, మెల్‌బోర్న్ లాంటి చోట్ల ఉండే తెలుగు కుటుంబాలకూ దీన్ని మించిన గని లేదు. రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఎవరైనా అనువాదం చేసి పెట్టే వీలున్న వేదిక కాబట్టి కొన్ని తెలుగు కథల్లో వాక్యం బిగుసుకుపోయి ఉంటుంది. పిల్లలు పడుకున్నాక మీరు ముందుగా ఒకసారి చదివి, నచ్చినవి ఓ పది పక్కన పెట్టుకోండి. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వెతుకుతూ పోతే ఆ వెతుకులాటే ఆటైపోతుంది. రెండోది, ఫోన్ తెర మీద వద్దు. తెలుగు లిపికి ఆ చోటు చాలదు. పేజీ మొత్తం కుంచించుకుపోయి, వత్తులు చీమల బారులా కనిపిస్తాయి. "చెట్టెక్కింది" అన్న మాటలో టవత్తు ఏదో కవత్తు ఏదో పెద్దవాళ్లమే కళ్లు చిట్లించి చూడాలి. అక్షరాలు గుర్తుపట్టే వయసు పిల్లలకు ట్యాబ్ గానీ ల్యాప్‌టాప్ గానీ ఉంటే నయం. అన్నిటికంటే చవకైన దారి, నచ్చిన కథను వీధి చివర జిరాక్స్ సెంటర్‌లో రంగుల్లో ప్రింట్ తీయించి దారంతో కుట్టడం. మొదటి స్థాయి కథలకు పేజీలు తక్కువే కాబట్టి ఖర్చు పెద్దగా ఉండదు. పైగా ఆ పుస్తకం మీద పేరు రాసుకోవచ్చు, బొమ్మకు మీసాలు గీసుకోవచ్చు.

నొక్కితే ఆడే యాప్‌లు

తల్లిదండ్రులు ఎక్కువ డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. అక్షరాలు, గుణింతాలు, రంగులు నేర్పిస్తామనే యాప్‌లు యాప్ స్టోర్‌లో లెక్కలేనన్ని. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లే 2019లో ఐదేళ్లలోపు పిల్లలు వాడే 135 యాప్‌లను పరిశీలించి, 95 శాతం వాటిలో ఏదో ఒక రూపంలో ప్రకటనలున్నాయని తేల్చారు. కొన్నిట్లో ఆట మధ్యలో వీడియో ప్రకటన, కొన్నిట్లో బొమ్మే "ఇది కొను" అని అడగడం. నాలుగేళ్ల పిల్లకు అది ప్రకటనో ఆటో తెలియదు.

తెలుగు యాప్ కొనేముందు నేనైతే మూడు చూస్తాను. ఒకటి, "ఖ", "ఘ", "ఛ" ఎలా పలుకుతోంది. "క", "గ", "చ"లకూ వీటికీ తేడా వినిపించని యాప్‌లు ఉన్నాయి. రెండు, "అ అంటే అమ్మ" దగ్గర ఆగిపోతుందా, దాని తర్వాత ఏమైనా ఉందా. మూడు, వై-ఫై ఆపేస్తే పనిచేస్తుందా. పనిచేస్తే ప్రకటనల బెడద చాలావరకు తీరిపోతుంది. ఈ మూడూ దాటినా, దీన్ని ఆట కింద లెక్కేయండి, చదువు కింద రాసుకోవద్దు. తప్పు నొక్కితే టింగు, ఒప్పు నొక్కితే చప్పట్లు. పిల్లలు ఓ వారంలో చప్పట్లు వచ్చే చోటు గుర్తుపట్టేస్తారు, అక్షరం గుర్తుపట్టకుండానే.

వేలితో తెర మీద అక్షరం దిద్దించే యాప్‌ల గురించి కొందరు అడుగుతారు. పలక ఉంటే చాలు. నున్నటి గాజు మీద వేలు జారినట్టు సుద్ద పలక మీద జారదు. ఆ గరుకు వల్లే "అ" చుట్టూ తిరిగే మెలికలో చెయ్యి కుదురుగా నిలుస్తుంది.

పిల్లలు చదువుతుంటే వినే యాప్

ఇది వేరే కోవకు చెందింది, విడిగా చూడాలి. గూగుల్ 2019లో మన దేశంలో బోలో పేరుతో మొదలుపెట్టి, మరుసటి ఏడాది రీడ్ అలాంగ్‌గా పేరు మార్చిన యాప్ ఉంది, అందులో తెలుగూ ఉంది. పిల్లలు పైకి చదువుతుంటే దియా అనే బొమ్మ వింటుంది, తప్పు పోతే ఆ మాటను పలికి వినిపిస్తుంది, బాగా చదివితే నక్షత్రాలు ఇస్తుంది. ఇలాంటిది అయిదేళ్లు నిండి, అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకే. మూడేళ్ల వాళ్లకు ఇస్తే నక్షత్రాల కోసం దియాను నొక్కుతూ కూర్చుంటారు.

ఎవరికి బాగా పనికొస్తుందో చెబుతాను. తెలుగు మాట్లాడటం వచ్చి, చదవడం రాని తల్లిదండ్రులు ఇప్పుడు చాలామంది. ఇంగ్లిష్ మీడియంలో, రెండో భాషగా హిందీయో ఫ్రెంచో సంస్కృతమో తీసుకుని చదివినవాళ్లు. బయటి రాష్ట్రాల్లో పెరిగినవాళ్లు. "నాకే గుణింతాలు సరిగా రావు, వీడికేం చెప్పను" అని వెనక్కి తగ్గేవాళ్లు. వాళ్లు పిల్లలతో పాటు కూర్చుని తామూ ఒక పేజీ చదవొచ్చు. అమ్మకు "జ్ఞ" దగ్గర నాలుక తిరగక దియా సరిదిద్దిందనుకోండి, పిల్ల పడీపడీ నవ్వుతుంది, మర్నాడు తనే పిలుస్తుంది "అమ్మా, రా, నీ వంతు" అని. పిల్లని యాప్‌కి అప్పజెప్పి వంటింట్లోకి వెళ్లిపోతే మాత్రం దాని విలువ సగం పోతుంది.

యూట్యూబ్, రైమ్స్

క్లుప్తంగా చెప్పేస్తాను. కథ చెప్పే వీడియో కథే, చెడ్డదేమీ కాదు, కానీ అది ఆగదు. పిల్లవాడు "ఎందుకు ఏడుస్తోంది?" అని అడిగేలోగా మూడు దృశ్యాలు దాటిపోతాయి. ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. ఆటోప్లే ఆపేసి, ముందుగా ఎంచిన రెండే వీడియోలు దించి పెట్టుకుని, అయిపోయాక "కాకి ఏం చేసింది?" అని అడిగితే సరిపోతుంది. అన్నం తినిపించడానికి ఎర వేయడం మాత్రం వద్దు. తిండి సంగతి అటుంచి, కథలు చెప్పుకోవడానికి ఇంట్లో దొరికే అరగంట అదే. ఒకప్పుడు చందమామను చూపించి గోరుముద్దలు పెట్టిన అమ్మమ్మల పని ఇప్పుడు ఫోన్ స్టాండ్ చేస్తోంది.

వీడియో కాల్‌లో తాతయ్య కథ

దీన్ని ఎవరూ చదువు లెక్కలో వేయరు. నా జాబితాలో తెర మీది వాటన్నిటికంటే ఇదే పైన ఉంటుంది. 2014లో రోజ్‌బెరీ, హిర్ష్-పాసెక్, గోలింకాఫ్ అనే పరిశోధకులు రెండు, రెండున్నరేళ్ల పిల్లలకు కొత్త క్రియాపదాలు నేర్పి చూశారు. ఎదురుగా ఉన్న మనిషి దగ్గర నేర్చుకున్నారు, వీడియో కాల్‌లో తమతో మాట్లాడిన మనిషి దగ్గరా నేర్చుకున్నారు. ముందే తీసి పెట్టిన వీడియో దగ్గర నేర్చుకోలేదు. అదే తెర. తేడా అల్లా తమ మాటకు అవతలి మనిషి బదులివ్వడమే. పిల్లల తెర సమయంలో వీడియో కాల్‌కు డాక్టర్లు మినహాయింపు ఇవ్వడమూ గమనించండి.

విదేశాల్లో ఉండే తెలుగు కుటుంబాలు దీన్ని ఇలా వాడుకోవచ్చు. ఒకే పుస్తకం రెండు ప్రతులు కొనండి, ఒకటి గుంటూరులో అమ్మమ్మ దగ్గర, ఒకటి న్యూజెర్సీలో మనవరాలి దగ్గర. శనివారం పొద్దున వాళ్లకు, సాయంత్రం మనకు. అమ్మమ్మ చదువుతుంది, మనవరాలు తన పుస్తకంలో పేజీ తిప్పుతుంది. తెర మీద మొహం, చేతిలో కాగితం. అక్కడ తెలుగు నేర్పే మనబడి, పాఠశాల లాంటి తరగతులకు వెళ్లే పిల్లలైతే ఆ వారం నేర్చుకున్న అక్షరాన్ని అమ్మమ్మకు చూపించే పని కూడా ఉంటుంది. ఒకే చిక్కు: అమ్మమ్మలు "తిన్నావా, స్కూల్‌కెళ్లావా, అక్కడ చలేస్తోందా" దగ్గరే ఆగిపోతారు. ఏ పుస్తకం చదవాలో ముందే చెప్పి ఉంచాలి.

చెవికి మాత్రమే పని పెట్టే ఆడియో కథలు దీని తర్వాత. కారు ప్రయాణాల్లో, కరెంటు పోయినప్పుడు, పడుకునే ముందు లైటు ఆపేశాక బాగుంటాయి. ఊరెళ్లే తాతయ్య చేత ఓ నాలుగు కథలు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా చెప్పించి దాచుకోండి. బయట దొరికే ఏ ఆడియో కంటే పిల్లలు దాన్నే ఎక్కువసార్లు పెట్టమంటారు.

పెన్నుతో తాకితే పలికే మాట్లాడే పుస్తకాల గురించి కూడా ఒక మాట. తెర ఉండదు కాబట్టి కళ్లకు మంచిదే, బొమ్మగా ఇవ్వండి. బ్యాటరీ అయిపోయిన రోజు నుంచి అది మామూలు పుస్తకంగా మారుతుంది, అప్పుడు మీరు చదవాలి.

మరి మీ ఇంటికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, పగలు నానమ్మో తాతయ్యో చూసుకునే ఇల్లయితే ట్యాబ్ కొనకండి. ఆ డబ్బుతో పుస్తకాలు కొని తాతయ్య కుర్చీ పక్కన అందేంత ఎత్తులో పెట్టండి. ట్యాబ్ ఉంటే పగలంతా అదే ఆయా పని చేస్తుంది, పెద్దవాళ్లు పేచీ భరించలేక ఇచ్చేస్తారు. వాళ్లని తప్పుపట్టలేం. కళ్లు సరిగా ఆనని నానమ్మకు బొమ్మలే ఉండి మాటలు లేని పుస్తకాలు కొనిపెట్టండి. చదవనవసరం లేదు, బొమ్మ చూసి తనకు తోచింది చెబుతుంది. అసలు చదువు రాని అవ్వలు ఈ పుస్తకాలతో చెప్పే కథలు రోజుకో రకంగా మారుతుంటాయి కూడా.

ఇంట్లో ఉన్నది ఒకే స్మార్ట్‌ఫోన్, అదీ నాన్నతో పాటు పనికి వెళ్లిపోయే ఇళ్లలో, రాత్రి ఫోన్ ఇంటికొచ్చాక పిల్లలకు దక్కేది ఓ పావుగంట. ఆ పావుగంట యూట్యూబ్‌కి ఇవ్వకుండా, దించిపెట్టుకున్న ఒకే ఒక కథకు ఇవ్వండి. చదివేది నాన్న అయితే మరీ మంచిది. బడిలోనో అంగన్‌వాడీలోనో బొమ్మల పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేసి ఉంటే, ఇంటికి ఇమ్మని గట్టిగా అడగండి. చిరిగిపోతాయని దాచడం మనకున్న పాత జబ్బు. శాఖా గ్రంథాలయంలో పిల్లల అర ఎక్కడుందో కూడా ఓసారి వెళ్లి చూడండి. పరీక్షలకు చదివే కుర్రాళ్ల మధ్య అది ఎక్కడో మూలనైనా ఉంటుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లు, బయటి రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు తెరను కొంచెం ఎక్కువగానే వాడుకోవాల్సి వస్తుంది, తప్పదు. స్టోరీవీవర్, వీడియో కాల్, అయిదేళ్లు దాటితే వినే యాప్. సెలవులకు వచ్చినప్పుడు పెట్టెలో పచ్చళ్ల పక్కన ఓ ఇరవై తెలుగు పుస్తకాలకు చోటు ఉంచుకోండి.

ట్యాబ్ ఇప్పటికే వచ్చేసి ఉంటే, ఆ మేనమామ మనసు కష్టపెట్టకుండా దారి చూడాలి. అది పిల్లవాడిదని అనకండి, ఇంటిదని చెప్పండి. దాని చోటు హాల్లో, ఎత్తైన అర మీద. పడకగదిలోకి రాకూడదు. నోటిఫికేషన్లన్నీ ఆపేయండి. యూట్యూబ్ తీసేయండి లేదా డిసేబుల్ చేయండి. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్ అనేవి సెట్టింగుల్లో ఉంటాయి. వాటిని ఆన్ చేస్తే తెరిచిన పుస్తకంలోంచి పిల్లలు వేరేచోటికి పోలేరు. కథ మధ్యలో మీ ఫోన్ మోగితే ఎత్తకండి. ఎత్తక తప్పకపోతే "నాన్నా, ఆఫీసు నుంచి, ఒక్క నిమిషం" అని పిల్లలకు చెప్పి ఎత్తండి. చెప్పాపెట్టకుండా ఫోన్‌లోకి తల దూర్చడాన్ని వాళ్లు చాలా త్వరగా నేర్చేసుకుంటారు.

రోజుకు రెండు మూడు గంటలు తెర అలవాటైపోయిన పిల్లల విషయంలో ఒక్కసారిగా లాగేసుకుంటే ఇంట్లో యుద్ధమే. ముందు నిద్రకు ముందున్న గంటను ఖాళీ చేయండి. అక్కడ రెండు పుస్తకాలు పెట్టండి, ఒకటి పిల్లవాడు ఎంచింది, ఒకటి మీరు ఎంచింది. వాడు ఎంచింది వరుసగా పదిహేను రాత్రులు అదే పుస్తకమైనా విసుక్కోకుండా చదవండి. ఆ వయసులో అదే కథ మళ్లీ మళ్లీ వినడం వల్లే మాటలు స్థిరపడతాయి. నిద్ర గంట కుదురుకున్నాక అన్నం వేళ తెరను తీసేయండి. మొదటి మూడు నాలుగు రోజులు తక్కువ తింటారు, కంగారు పడొద్దు. ఈ పని మొదలుపెట్టడానికి సంక్రాంతి సెలవులు అనుకూలం. ఇంటి నిండా చుట్టాలు, వీధిలో గాలిపటాలు, కథలు చెప్పడానికి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి పిల్లలు ట్యాబ్ అడిగే సందు తక్కువ.